ఈక్వల్స్ లేని కాలిక్యులేటర్

ఆ మధ్య ఒక సాయంత్రం ఎప్పటిలాగే కరెంటు పోయింది. మేముండేది యాంగోన్‌లోని సంచౌంగ్ పేటలో, మ్యేనిగోన్ కూడలికి నడిచి వెళ్ళేంత దూరంలో, ఓ పాత అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో. కరెంటు పోవడం మాకు వార్త కాదు. ఆ రోజు ఇన్వర్టర్ కూడా చేతులెత్తేయడం మాత్రం వార్తే. మా అమ్మాయి (పన్నెండేళ్ళు) లెక్కల హోంవర్క్ మధ్యలో ఉంది. లాప్‌టాప్ ఆరిపోయింది. ఫోన్‌లో చార్జింగ్ అడుగంటింది. సొరుగంతా వెతికి నా పాత హెచ్‌పి-12సి కాలిక్యులేటర్ తీసి ఇచ్చాను. ఎప్పుడో ఒక బ్యాంకు ప్రాజెక్టులో పనిచేసే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. చిన్న బటన్ బ్యాటరీతో ఏళ్ళ తరబడి నడుస్తుంది.

రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"నాన్నా, ఇది పాడైపోయింది. దీనికి ఈక్వల్స్ లేదు!"

పాడవలేదమ్మా, దానికి ఈక్వల్స్ మీట అసలుండదు, అది రివర్స్ పోలిష్ పద్ధతిలో పనిచేస్తుంది అన్నాను.

"రివర్స్ పాలిషా? అంటే మెరిసేదాన్ని మళ్ళీ మట్టి చేయడమా?"

ఆ పాలిష్ వేరు, ఈ పోలిష్ వేరు, ఇది పోలండ్ దేశం పేరు అని చెప్పబోయి, అక్కడ ఆగలేకపోయాను. కొవ్వొత్తి వెలుగులో ఓ గంటసేపు క్లాసు పీకాను. ఆ క్లాసే ఈ వ్యాసం. దాని చివర్లో నాకే ఒక పాఠం దొరికింది. అది కూడా మీతో పంచుకుందామని.

దానికి ముందు మా ఇంటి సమస్య ఒకటి చెప్పాలి. చాలామంది ఇళ్ళల్లో ఇదే సమస్య ఉంటుందని నా అనుమానం. మా పిల్లకి తెలుగు వచ్చు. మాటలకు కొదవ లేదు. కానీ ఆదివారం వీడియో కాల్‌లో విశాఖపట్నంలో ఉన్న మా అమ్మతో ఇలా అంటుంది: "నాయనమ్మా, నేను వెళ్ళాను మార్కెట్‌కి, ఎందుకంటే నాన్న అడిగాడు నన్ను తెమ్మని మామిడిపళ్ళు." అసలే మా అమ్మకి చెముడు మొదలైంది. పైగా వాక్యం ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. "ఏటంటందిరా ఇది?" అని నన్ను అడుగుతుంది. నేను అనువాదం చేస్తాను, తెలుగులోంచి తెలుగులోకి! ఈ మధ్య పిల్ల విసుక్కుని కాల్ దగ్గరికి రావడమే తగ్గించింది. "తెలుగు ఈజ్ బ్యాక్‌వర్డ్స్, నాన్నా" అని తీర్పు కూడా ఇచ్చేసింది. ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచింది.

బ్రాకెట్లు ఎందుకు?

ఇక పోలిష్ సంగతి. మా అమ్మాయికి చెప్పిన ఉదాహరణే మీకూ చెప్తాను. పది సేన్‌తలోన్ మామిడిపళ్ళు తెచ్చాం (ఇక్కడి బంగినపల్లి అనుకోండి). మూడు కుళ్ళిపోయాయి. మిగతావి ఒక్కోటి నాలుగు ముక్కలు కోస్తే ఎన్ని ముక్కలు? బడిలో దీన్ని (10 − 3) × 4 అని రాస్తాం. బ్రాకెట్ తీసేస్తే కొంప మునుగుతుంది. 10 − 3 × 4 అంటే ముందు గుణకారం చెయ్యాలి కాబట్టి జవాబు 28 బదులు మైనస్ 2 అవుతుంది. మైనస్ రెండు మామిడి ముక్కలు ఎవరికి పెడతాం?

ఈ బ్రాకెట్ల బెడద వదిలించినవాడు పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ లుకాసియేవిచ్. 1878లో ల్వోవ్‌లో పుట్టాడు (ఆ ఊరు ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉంది). వార్సా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, రెండుసార్లు రెక్టరు, 1919లో కొంతకాలం విద్యామంత్రి కూడా. 1924లో ఆయనకొక ఆలోచన వచ్చింది. చేయాల్సిన పని గుర్తుని రెండు వస్తువుల మధ్యలో పెట్టడం వల్లే కదా ఈ గొడవంతా! దాన్ని ముందే రాసేస్తే? మన లెక్క × − 10 3 4 అవుతుంది. అంటే "గుణించు, దేన్ని? తీసివేతని, దేంట్లోంచి? పదిలోంచి మూడు, దేంతో? నాలుగుతో". బ్రాకెట్ ఒక్కటీ అక్కర్లేదు, అయినా అర్థం ఒక్కటే వస్తుంది. ఆయన దీన్ని కూడికల కోసం తయారుచెయ్యలేదు, తర్కంలో "అయితే", "మరియు", "కాదు" లాంటివాటిని పొడి అక్షరాలతో రాయడానికి వాడుకున్నాడు. ఆయన ఇంటిపేరు పలకడం బయటివాళ్ళవల్ల కాలేదు (పోలిష్‌వాళ్ళు దాన్ని "వుకాషేవిచ్" అంటారు). అందుకని దేశం పేరే పెట్టి పోలిష్ నొటేషన్ అన్నారు.

దాన్ని తిరగేసి పని గుర్తుని చివర పెడితే రివర్స్ పోలిష్: 10 3 − 4 ×. పది తీసుకో, మూడు తీసుకో, తీసెయ్. నాలుగు తీసుకో, గుణించు. 1950ల్లో కంప్యూటర్లవాళ్ళు దీని విలువ పట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో చార్ల్స్ హాంబ్లిన్ దీనిమీద ఒక ప్రోగ్రామింగ్ పద్ధతినే కట్టాడు. 1961లో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా, మామూలుగా రాసిన లెక్కని ఈ వరసలోకి మార్చే ఉపాయం చెప్పాడు. రైల్వే యార్డులో పెట్టెల్ని షంటింగ్ చేసినట్టు ఉంటుందని దానికి షంటింగ్ యార్డ్ అని పేరు. 1972లో వచ్చిన హెచ్‌పి-35, చొక్కా జేబులో పట్టే తొలి సైంటిఫిక్ కాలిక్యులేటర్, 395 డాలర్లు, ఈ పద్ధతిమీదే నడిచింది. 1981లో వచ్చిన నా 12సి కూడా దాని వంశమే.

మనలో కంప్యూటర్లు చదివినవాళ్ళకి "ఇన్‌ఫిక్స్ టు పోస్ట్‌ఫిక్స్" అనగానే డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్, రికార్డు బుక్కు, వైవాలో పడ్డ అక్షింతలు గుర్తొచ్చి ఉంటాయి. దీనికి కావలసిందల్లా ఒక స్టాక్, అంటే దొంతర. టిఫిన్ క్యారేజీలాంటిది. చివర పెట్టిన గిన్నె పైనుంటుంది, ముందు అదే చేతికొస్తుంది. అంకె కనబడితే దొంతర మీద పెట్టు. పని గుర్తు కనబడితే పైన ఉన్న రెండూ తీసి, పని చేసి, జవాబు మళ్ళీ పైన పెట్టు. అంతే. పని గుర్తు నొక్కగానే జవాబు వచ్చేస్తుంది కాబట్టి ఈక్వల్స్‌తో పనిలేదు.

అవునూ కాదూ కానిది

లుకాసియేవిచ్ దగ్గర ఇంకో సరుకుంది. అరిస్టాటిల్ కాలంనుంచీ ఒక మాట అయితే నిజం, లేకపోతే అబద్ధం. మరి రేపటి గురించి చెప్పే మాట? దీనికోసం ఆయన 1920లో మూడో విలువ ఒకటి పెట్టాడు. నిజానికి 1, అబద్ధానికి 0, ఇంకా తేలనిదానికి సగం. తర్వాత ఒక వ్యాసంలో దానికి తన ఉదాహరణే ఇచ్చుకున్నాడు: వచ్చే ఏడాది డిసెంబరు 21 మధ్యాహ్నం నేను వార్సాలో ఉంటానా లేదా అన్నది ఈ రోజున తేలని సంగతి అని. మన డేటాబేసుల్లో "నల్" అని వస్తుందే, ట్రూ కాదు ఫాల్స్ కాదు, దానికి తాతగారు ఈయనే అనుకోవచ్చు.

"వచ్చే ఉగాదికి మీరు యాంగోన్‌లోనే ఉంటారా?" అని ఇండియానుంచి ఎవరు అడిగినా నేనిప్పుడు "సగం" అంటున్నాను. వీసా, పని, పిల్ల చదువు, ఊరి పరిస్థితి, అన్నీ సగాలే. మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆయన విషయంలో ఆ సగం ఎటు తేలిందో చూడండి. 1944లో ఆయన వార్సా వదిలిపెట్టాల్సొచ్చింది. యుద్ధం తర్వాత ఐర్లండ్ ఆశ్రయమిచ్చింది. 1956లో డబ్లిన్‌లో పోయాడు. మళ్ళీ వార్సా చూడలేదు.

పోలిష్ స్పేస్ అంటే జాగా కాదు

ఇంజనీర్లకి పోలిష్ అంటే నొటేషన్. గణితంవాళ్ళని అడిగితే పోలిష్ స్పేస్ అంటారు. దీనికీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. నాకర్థమైనంతలో సంచౌంగ్ భాషలో చెప్తాను. ఒక ఊరు ఊహించుకోండి. రెండు ఇళ్ళ మధ్య దూరం కొలవచ్చు. మొదటి షరతు: ఒకటి, రెండు, మూడు అని వరసగా లెక్కపెట్టగలిగే బస్‌స్టాపులు ఉండాలి, ఏ ఇంటికైనా, మీరెంత దగ్గర కోరితే అంత దగ్గరలో ఒక స్టాపు ఉండాలి. రెండో షరతు: ఊళ్ళో గుంటలుండకూడదు. అంటే అడుగులు చిన్నవై చిన్నవై ఒకచోటికి చేరబోతున్నట్టు నడిస్తే, తీరా చేరేచోట ఇల్లు ఉండి తీరాలి. ఈ రెండు షరతులూ తీరేలా దూరాలు కొలవగలిగితే అది పోలిష్ స్పేస్. మన నంబర్ లైన్ అలాంటిదే. భిన్నాలన్నీ బస్‌స్టాపులు. భిన్నాలు మాత్రమే ఉన్న లైన్ అలాంటిది కాదు, రూట్ 2 దగ్గరికి నడుచుకుంటూ పోతే అక్కడ గుంట ఉంటుంది. (సంచౌంగ్ సందులు రెండో షరతు తీర్చవు. వానాకాలంలో నడిచి చూశాను.)

షెర్పిన్‌స్కీ, కురతోవ్‌స్కీ, టార్‌స్కీ లాంటి పోలండ్‌వాళ్ళు దీన్ని లోతుగా తవ్వారు. వాళ్ళ గౌరవార్థం బుర్బాకీ అనే మారుపేరుతో రాసే ఫ్రెంచి గణితజ్ఞుల బృందం ఆ పేరు పెట్టింది. ఆధునిక సంభావ్యతా శాస్త్రానికి చాలావరకు ఇదే అరుగు. మన తెలుగువాడు సి.ఆర్. రావుగారు (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళి, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూసిన మహానుభావుడు) ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో తీర్చిదిద్దిన శిష్యుల్లో ఎస్.ఆర్.ఎస్. వరదన్ ఒకరు. 2007లో ఆబెల్ బహుమతి తెచ్చిన వరదన్ పని, అరుదైన ఘటనలు ఎంత అరుదో లెక్కగట్టే సిద్ధాంతం, నిలబడేది ఈ పోలిష్ స్పేసుల మీదే.

ఇంకా పోలిష్ గ్రూపులున్నాయి. 2010లో క్షిష్టోఫ్ క్రుపిన్‌స్కీ అనే గణితజ్ఞుడి పరిశోధనాపత్రం "పోలిష్ స్ట్రక్చర్లు" అనే వాటి గురించి అచ్చయింది. ఒక సమితి, దాన్ని అటూ ఇటూ కదిపే ఒక పోలిష్ గ్రూపు, ఈ రెండిటి జోడీ అది. ఆయనా పోలండ్‌వాడే. పేరు మళ్ళీ పుట్టింటికి చేరిందన్నమాట.

ఒక దేశం పేరు

"అన్నిటికీ పోలండ్ పేరే ఎందుకు?" అంది మా అమ్మాయి. మంచి ప్రశ్న. 1795నుంచి 1918దాకా ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదు. చుట్టుపక్కల మూడు రాజ్యాలు పంచుకు తినేశాయి. స్వతంత్రం వచ్చే ముందు యానిషెవ్‌స్కీ అనే కుర్ర ప్రొఫెసరు, మనది చిన్న దేశం, అన్నిట్లో పోటీపడలేం, ఒక్క శాఖ పట్టుకుని దాన్లో లోకానికి మేటి అవుదాం, దానికో పత్రిక పెడదాం అన్నాడు. 1920లో "ఫుండమెంటా మాతమాటికే" మొదలైంది. తొలి సంచిక రాకముందే, ఆ ఏడాది జనవరిలోనే ఆయన ఫ్లూతో చనిపోయాడు. పత్రిక మాత్రం బతికింది.

ఇరవై ఏళ్ళు తిరక్కుండా యుద్ధం వచ్చింది. లిండెన్‌బౌమ్, సక్స్, షౌడర్ లాంటి గణితజ్ఞుల్ని నాజీలు చంపేశారు. మహామేధావి బనాఖ్ టైఫస్ టీకాల సంస్థలో తన నెత్తురు పేలకి తాగిస్తూ యుద్ధకాలం గడిపాడు. వార్సా నగరం చాలామటుకు నేలమట్టమైంది. మనుషులు పోయారు, ఊళ్ళు పోయాయి. వాళ్ళ ఆలోచనలో ఉన్న వరస మాత్రం, నొటేషన్‌గానో స్పేస్‌గానో, లోకమంతా వాడుకుంటోంది.

ఇది చెబుతుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. మా అమ్మ పుట్టింది ఈ ఊళ్ళోనే, దీన్ని రంగూన్ అనే రోజుల్లో. కోస్తా జిల్లాలనుంచి వేలమంది రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వచ్చేవారు. మా తాతా అలా వచ్చినవాడే. తర్వాత చిన్న కొట్టు పెట్టుకున్నాడు. బర్మాలో తెలుగువాణ్ణి "కొరంగి" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి ఓడలొచ్చేవి కాబట్టి ఆ పేరు. అది రానురాను చిన్నచూపు మాటగా మారింది. మాది శ్రీకాకుళం వైపు, మా తాత కోరంగి మొహమే చూళ్ళేదు! 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు జాతీయం చేశారు. లక్షల్లో భారతీయులు దేశం వదిలారు. 1964లో తొమ్మిదేళ్ళ మా అమ్మ కూడా ఓడెక్కి విశాఖపట్నం చేరింది. అక్కడ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేట ఇప్పటికీ ఉంది.

పోలండ్‌వాళ్ళ పేరు పలకలేక దేశం పేరు పెడితే అది బిరుదైంది. మనకి రేవు పేరు పెడితే అది తిట్టైంది. పేరు మన చేతిలో లేదు. మరి మన చేతిలో ఉన్నదేమిటి?

టీకొట్టు పాఠం

ఆ మర్నాడు ఆదివారం. పొద్దున్నే మా వీధి చివరి టీకొట్టుకి వెళ్ళాం. పొట్టి స్టూళ్ళు, బల్లమీద అడక్కుండానే పెట్టే పలహారాలు, తిన్నవాటికే డబ్బులు. మా అమ్మాయి ఇంటిపక్క పిల్లలతో ఆడి ఆడి బర్మీస్ నేర్చేసింది. ఆర్డర్ ఇచ్చే ఉద్యోగం దానిదే.

"లఫెయ్యే హ్నఖ్వె పేబా!"

ఎన్నో వందలసార్లు విన్న వాక్యం. ఆ రోజు నా చెవికి కొత్తగా తగిలింది. లఫెయ్యే అంటే టీ. హ్నఖ్వె అంటే రెండు కప్పులు. పే అంటే ఇవ్వు. చివర బా అంటే మన "అండి". టీ, రెండు కప్పులు, ఇవ్వండి! మాటకి మాట, వరసకి వరస, చివరి మర్యాదతో సహా తెలుగే.

ఫోన్ తీసి మా అమ్మకి కాల్ చేశాను. "అమ్మలూ, నాయనమ్మకి ఆ ముక్క మళ్ళీ చెప్పు" అన్నాను. చెప్పింది. అవతల మా అమ్మ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత అరవయ్యేళ్ళుగా నోట్లో పడని భాషలో, ఒక్క తడబాటు లేకుండా, అదే వాక్యం తిరిగి చెప్పింది. ఆ తర్వాత చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా అయ్య కోసం నేనే పోయి తెచ్చేదాన్ని" అంది.

పిల్ల నావైపు తిరిగింది. "నాన్నా, నాయనమ్మకి బర్మీస్ వచ్చా?"

"వచ్చు. అదే వాక్యం తెలుగులో చెప్పు చూద్దాం. వరస మార్చకు."

టిష్యూ కాగితం మీద నేను 10 3 − 4 × అని రాశాను. పది పళ్ళలో మూడు తీసేసి, ఒక్కోదాన్నీ నాలుగు ముక్కలు చెయ్యి. ముందు వస్తువులు, చివర పని. ఇంగ్లీషులో "గివ్" అని పని ముందొస్తుంది, అది లుకాసియేవిచ్ అసలు పద్ధతికి దగ్గర. తెలుగు, బర్మీస్ రెండూ నా 12సి కాలిక్యులేటర్ లాంటివి. విన్నవన్నీ క్యారేజీ గిన్నెల్లా పేర్చుకుంటూ పోతాం, చివర క్రియ రాగానే అన్నీ ఒక్కసారి తేలిపోతాయి. మా అమ్మ ఎదురుచూసేది ఆ చివరి మాట కోసం. పిల్ల దాన్ని ముందే అనేసి, తర్వాత వస్తువులు విసురుతోంది. పాపం, వాటిని పట్టుకోవడం ఆవిడవల్ల కావడం లేదు.

కాసేపు గొణుక్కుని పిల్ల ఫోన్ దగ్గరకి జరిగింది. "నాయనమ్మా... నాన్న... మామిడిపళ్ళు... తెమ్మంటే... నేను మార్కెట్‌కి... వెళ్ళాను." అంకెలు నొక్కి ఎంటర్ కొట్టినట్టు ఒక్కో మాటా ఆగి ఆగి పలికింది.

"ఎన్ని తెచ్చావే?" అంది మా అమ్మ. నన్ను అనువాదం అడగలేదు.

తెలుగు నేర్పాలంటే మనం పద్యాలు, పెద్ద పెద్ద పదాలు, అక్షరమాల చార్టులు అంటాం. అవీ కావాలి. కానీ పరాయి దేశంలో పెరిగే పిల్లల దగ్గర మాటలకన్నా ముందు జారిపోయేది వరస. పదం మర్చిపోతే ఇంగ్లీషు పదం పెట్టుకోవచ్చు, "మార్కెట్" అన్నా నాయనమ్మకి తెలుస్తుంది. వరస పోతే పదాలన్నీ తెలుగువైనా అటువైపు చేరవు. ఆ వరస నేర్పడానికి సిలబస్ అక్కర్లేదు, ఇంట్లో రోజూ నాలుగు వాక్యాలు చివరిదాకా మాట్లాడితే చాలు. నేను కూడా ఆఫీసునుంచి వచ్చి సగం వాక్యాలు ఇంగ్లీషులోనే విసిరేవాణ్ణి. నేరం పిల్లది ఒక్కదానిదే కాదు.

వచ్చే ఉగాదికి ఎక్కడుంటామో ఇంకా సగమే. కాలిక్యులేటర్ మాత్రం మా అమ్మాయి తన బల్లమీదికి మార్చుకుంది, తిరిగివ్వనంటోంది. బడిలో స్నేహితులకిచ్చి "ఈక్వల్స్ ఎక్కడుందో కనుక్కోండి" అని ఏడిపిస్తోందట. ఆదివారాలు మూడు గంటలవగానే తనే ఫోన్ తెచ్చి పెడుతోంది. పోయిన వారం మా అమ్మ అడిగింది: "ఒరే, ఇది ఈ మధ్య బాగా మాటాడతంది, ఎవరు నేర్పేరు?"

పోలండ్‌వాళ్ళని చెబితే నమ్మదని, టీకొట్టువాడని చెప్పాను.